గట్టుమీది దీపములు

మృగశిర కార్తె ప్రవేశించి, తొలకరి వానకు నేల మెత్తబడిన పిమ్మట, పొద్దు గ్రుంకిన కొంత సేపటికి కాలువ గట్లపై మిణుగురులు లేచుట మన ప్రాంతపు రైతులు చిరకాలముగా ఎఱిగిన సంగతి. ఆ చిన్న పురుగును గూర్చి సహకార పత్రికలో వ్రాయుట ఏమని కొందఱు సభ్యులు నవ్వవచ్చును. ఎరువుల ధర, వడ్ల కొనుగోలు, పంట ఋణముల గడువు మొదలగు విషయము లుండగా మిణుగురుల మాట ఏల యని అడుగవచ్చును. అట్లడుగుటకు వారికి హక్కు కలదు. కాని ఈ పురుగు మన పొలములలో తగ్గుటతో మన గట్టునకును, గడ్డికిని, మట్టికిని, తుదకు మన సంఘపు దుకాణమునకును సంబంధ మున్నదని మా అభిప్రాయము. దానికి గల కారణములను సభ్యుల ముందుంచుచున్నాము. తప్పున్నచో దిద్దగలరు.

మంజీర నదిపై నిజాంసాగరపు కట్టడము 1923లో మొదలై 1931లో ముగిసినది. ఆ నీరు కాలువల వెంట దిగి బాన్సువాడ, వర్ని, కోటగిరి, రుద్రూరు, బోధను, ఎడపల్లి పొలములను తడిపినది. నీటి వెంట చెఱకు వచ్చినది. చెఱకును నమ్ముకొని 1937లో బోధను ప్రక్కన శక్కర్‌నగరులో నిజాము చక్కెర కర్మాగారము వెలసి, ఒకప్పుడు ఆసియా ఖండములోని పెద్ద కర్మాగారములలో నొకటిగా పేరు వడసినది. గానుగ కాలములో దాని విద్యుద్దీపములు రాత్రి వేళ చుట్టుప్రక్కల గ్రామములకు కనబడుచుండెను. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతబడినది. నిజామాబాదు చెంత సారంగాపురములోని సహకార చక్కెర కర్మాగారము అంతకు ముందే మూతబడి యుండెను. చెఱకు వేసిన నేలలో నేడు చాలవఱకు వరి, సోయాచిక్కుడు, మొక్కజొన్న, పసుపు కనబడుచున్నవి.

కర్మాగారపు దీపములు ఎప్పుడు ఆఱినవని అడిగినచో బోధను రైతు ఎవరైనను నెల, సంవత్సరము చెప్పగలడు. గట్టుమీది దీపములు ఎప్పుడు తగ్గినవని అడిగినచో చెప్పగలవారు లేరు. మొదటిదానికి సభలు జరిగినవి, అర్జీలు పోయినవి. రెండవదానిని చూచినవారే లేకపోయిరి.

చూడకపోవుటకు కారణము కలదు. పూర్వము పొలమునకు కరెంటు వంతుల ప్రకారము వచ్చుచుండెను. నడిరేయి వంతు వచ్చినను రైతు టార్చిలైటు పట్టుకొని మోటారు వేయబోవలసి యుండెను. ఆ రాత్రి ప్రయాణములలో పాము కఱచి కొందఱును, తడి చేతులతో స్టార్టరు ముట్టుకొని కొందఱును ప్రాణములు పోగొట్టుకొనిరి. 2018 జనవరి 1 నుండి తెలంగాణములో వ్యవసాయమునకు 24 గంటల కరెంటు ఇచ్చుట ఆరంభమైన పిమ్మట ఆ అగచాట్లు చాలవఱకు తీఱినవి. అది మేలే, దానిని తక్కువ చేసి మాటాడము. అయితే రైతు చీకటిలో తన పొలమును చూచుటయు దానితోనే తగ్గిపోయినది. చూడని సొత్తు తరిగిన సంగతి యజమానునికి ఆలస్యముగా తెలియును.

మిణుగురు పేరునకు ఎగిరెడు నిప్పురవ్వవలె నున్నను, ఈగ జాతిది కాదు. పేడపురుగువలె గట్టి పైరెక్కలు గల పెంకు పురుగుల కుటుంబములోనిది. అమరకోశము దీనికి ఖద్యోతమనియు జ్యోతిరింగణమనియు రెండు పేర్లు చెప్పుచున్నది. ప్రపంచములో దీని జాతులు రెండు వేలకు పైగా కలవు. మన కన్నులకు కనబడు ఎగిరెడు పురుగు దాని ఆయుస్సులో తుది కొన్ని వారములు మాత్రమే. అంతకు ముందు నెలల తరబడి, కొన్ని జాతులలో సంవత్సరమునకు పైగా, అది రెక్కలు లేని పిల్ల పురుగుగా తేమ నేలలోను, కుళ్ళిన ఆకుల క్రిందను, గడ్డి మొదళ్ళలోను బ్రతుకును. పలు జాతులలో పెద్ద పురుగు ఆహారము ముట్టనే ముట్టదు, లేదా కొంచెముగా తీసికొనును. తినుట, పెరుగుట యంతయు పిల్లదశలోనే జరుగును. కావున మిణుగురును కాపాడవలెనన్న ఆకాశమును చూచి లాభము లేదు. గట్టు మొదలును చూడవలెను.

ఆ పిల్ల పురుగు మాంసాహారి. నత్తలు, గుల్లలేని నత్తలు, వానపాములు దాని ఆహారము. తనకంటె పెద్దదైన నత్తను పట్టి, కొఱికి విషము నెక్కించి కదలకుండ చేసి, దాని దేహమును కరిగించి త్రాగును. ఆఫ్రికా దేశపు రాక్షస నత్తను 1847లో ఒక దొర మారిషసు దీవినుండి తెచ్చి కలకత్తా తోటలలో విడిచెను. అది నేడు మన దేశమున పలు రాష్ట్రముల తోటలకు, కూరగాయల మడులకు పీడయై యున్నది. సింహళ ద్వీపములో ఒక పెద్ద జాతి మిణుగురు పిల్ల ఆ నత్తను తినుట గమనించి, నత్తల నణచుటకై దానిని హవాయి దీవులకు కొనిపోయి ప్రయత్నించిరి. మిణుగురులు నత్తలనన్నిటిని నిర్మూలించునని మేము చెప్పము. తినువానిని మనము చంపి, తినబడువానికొఱకు మరల మందు కొనుట తెలివి కాదని మాత్రము చెప్పెదము.

ఇక వెలుగు సంగతి. మేము చదువుకొన్న మిషను పాఠశాలలో ఉపాధ్యాయులు ఒక రాత్రి గాజు సీసాలో మిణుగురులను వేసి, సీసాను పుస్తకమునకు దగ్గఱగా నుంచి అక్షరములు చదివించి, పిమ్మట సీసాను చేతితో తాకి చూడుడనిరి. చల్లగానే యుండెను. కిరోసిను దీపపు చిమ్నీ తాకి వ్రేళ్ళు కాల్చుకొనిన మాకది మిక్కిలి వింతగా తోచినది. ఆ వింతకు కారణమును పండితులు మూడు వందల యేండ్లుగా శోధించిరి. 17వ శతాబ్దమున ఇంగ్లండులో రాబర్టు బాయిలు అనువాడు చీకటిలో మెఱయు పుచ్చు కొయ్యను గాజు పాత్రలో నుంచి గాలి తీసివేయగా వెలుగు ఆఱి, గాలిని విడువగా మరల వెలిగినది. 1885లో ఫ్రాన్సు దేశపు రాఫెయెల్ దుబ్వా అమెరికా ఖండపు వెలుగు పురుగులనుండి చల్లనీటితో ఒక రసమును, వేడినీటితో మఱియొక రసమును తీసి, వేఱుగా వెలుగని ఆ రెండింటిని కలిపినంతనే వెలుగు పుట్టుట చూపెను. ఆ పదార్థములకు లూసిఫెరిన్, లూసిఫెరేజ్ అని ఆయన పేరు పెట్టెను. మొదటిది నూనె వంటిది, రెండవది దానిని వెలిగించు అగ్గిపుల్ల వంటిది అనుకొనవచ్చును. 1947లో అమెరికాలో విలియం మెకెల్రాయ్ ఈ వెలుగునకు గాలితోపాటు, సకల జీవకణములలో శక్తిని మోయు ఏటీపీ అను పదార్థము కూడ కావలెనని కనుగొనెను.

పాత గాజు బల్బు త్రాగిన కరెంటులో అత్యధిక భాగము వేడిగానే పోవును. మిణుగురు వెలుగులో వేడి లేదనదగినంత స్వల్పము. దాని కడుపులోని రసము మాఱునప్పుడు నూటికి 88 పాళ్ళు వెలుగుగా వచ్చునని 1960 ప్రాంతమున లెక్కించిరి. 2008లో జపాను శాస్త్రజ్ఞులు మరల శ్రద్ధగా కొలిచి, అది సుమారు 41 పాళ్ళని తేల్చిరి. పెద్దల లెక్కనైనను మరల కొలిచి చూచుట శాస్త్రపు మర్యాద. ఈ మర్యాద మన పొలపు లెక్కలకును అవసరమని ముందు చెప్పబోవుచున్నాము.

ఈ వెలుగు దానికేల? మగ పురుగు ఎగురుచు తన జాతి వరుసలో మినుకుమినుకుమని వెలుగును. గడ్డిమీద నున్న ఆడ పురుగు ఆ వరుసను గుర్తించి బదులు వెలుగును. ఆ పలకరింపు కుదిరిననే జంట కూడును, గ్రుడ్లు పడును. కొన్ని జాతులలో ఆడుదానికి రెక్కలే యుండవు. పిల్ల పురుగు రూపముననే నేలపై కూర్చుండి వెలుగును. పిల్ల పురుగు వెలుగునకు అర్థము వేఱు. తన దేహము చేదనియు విషమనియు కప్పలను, పక్షులను హెచ్చరించుటకే అది వెలుగునని పరిశోధకులు చెప్పుచున్నారు.

స్వయముగా వెలుగు పురుగులు మిణుగురులొక్కటియే కాదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతములలో మెడ కడ రెండు దీపములు గల పెంకు పురుగు కలదు. దక్షిణ అమెరికాలో మఱియొక పురుగునకు తలవద్ద ఎఱ్ఱ దీపము, ప్రక్కల వెంట పచ్చ దీపముల వరుస ఉండుటచే దానికి రైలుబండి పురుగని పేరు వచ్చినది. న్యూజీలాండు దేశమున వైటోమో గుహల పైకప్పునుండి ఒక దోమజాతి పిల్ల పురుగులు జిగురు దారములు వ్రేలాడదీసి, వెలుగు చూపి చిన్న పురుగులను ఆకర్షించి పట్టి తినును. పుచ్చు కొయ్యలో మెఱయునది పురుగు కాదు, ఒక బూజు. మన గ్రామములలో రాత్రి గట్టుమీద నిలుకడగా వెలుగునది కనబడినచో కొఱవి దయ్యమని పిల్లలు పరుగెత్తుచుండిరి. వంగి చూచినచో అది నత్తను తినుచున్న మిణుగురు పిల్లయో, పుచ్చిన మొద్దో కావచ్చును. గిజిగాడు తన గూటిలోని మట్టి ముద్దకు మిణుగురును అంటించి దీపము పెట్టుకొనునని పెద్దలు చెప్పుదురు. గూటిలో మట్టి ముద్ద లుండుట నిజమే. దీపము మాటకు మాత్రము ఋజువు దొరకలేదు.

ఈ పురుగు మనుష్యునకు చేసిన ఉపకారము కొంత కలదు. ఏటీపీ ఉన్న చోట మిణుగురు రసము వెలుగును. సూక్ష్మజీవులున్న ప్రతి చోట ఏటీపీ ఉండును. కావున పాలు, ఆహార పదార్థములు సిద్ధపఱచు స్థలములలో పాత్రలను, యంత్రములను తుడిచిన దూదిపుల్లను ఆ రసమున ముంచి, వెలుగును కొలిచి, శుభ్రమైనదో లేదో నిమిషములలో తెలిసికొనుచున్నారు. గట్టుమీది మిణుగురును కూడ మేము అట్టి పరీక్షగానే తలంచుచున్నాము. అది వెలిగినచో అచ్చట తేమ కలదు, ఆకు చెత్త కలదు, నత్త కలదు, విషము తక్కువ, చీకటి చీకటిగానే యున్నది అని ఐదు సంగతులు ఒక్కసారి తెలియును. ఈ పరీక్షకు ఖర్చు లేదు, ప్రయోగశాల అక్కఱ లేదు.

మిణుగురులు తగ్గుట మన యూహ మాత్రమే యని అనువారికి ఒక లెక్క చెప్పెదము. ఆంధ్రప్రదేశ్‌లోని బర్రంకుల గ్రామపు పొలములలో ఒక జాతి మిణుగురులను సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకుడొకరు పరిశీలించెను. 1996లో పది మీటర్ల మేర 500కు పైగా కనబడినవి 2019లో 10 మొదలు 20 వఱకే కనబడినవి. అది మనవలెనే వ్యవసాయము చేయు పల్లె. మఱియు 2020లో పలు దేశముల మిణుగురు పరిశోధకుల అభిప్రాయములను కూర్చి ప్రకటించిన నివేదికలో, ఈ పురుగులకు మూడు పెద్ద ఆపదలు చెప్పబడినవి: నివసించు తావు పోవుట, రాత్రి వేళ కృత్రిమపు వెలుగు, పురుగు మందులు. ఈ మూడును మన గట్లపై నేడు ఎట్లున్నవో విచారింతము.

మొదటిది తావు. గట్టు గడ్డి, చెఱకు చెత్త, వరి కొయ్యకాళ్ళు వీని క్రింది తేమయే మిణుగురు పిల్లకు ఇల్లు. చెఱకు నఱికిన పిమ్మట కార్శి తోటలో చెత్తకు నిప్పు పెట్టుట, యంత్రముతో వరి కోసిన పిమ్మట కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టుట మనకు అలవాటైనది. ఆ నిప్పు గట్టుమీదికి ప్రాకును. మంటతో నేలలోనికి పోవలసిన సేంద్రియ పదార్థము, నత్రజని పొగయై పోవును. అదే చెత్తను సాళ్ళ నడుమ పఱచినచో తేమ నిలుచును, కలుపు అణగును, లేత చెఱకులో పీక పురుగు తగ్గును. చెత్తలో ఎలుకలు, చెదలు చేరునని రైతులు చెప్పునది నిజమే. వానికి వేఱు ఉపాయములు కలవు. బుగ్గి చేసిన మట్టికి ఉపాయము లేదు.

రెండవది వెలుగు. మోటారు స్టార్టరు డబ్బా మీద తెల్లని ఎల్‌ఈడీ బల్బును సంధ్యనుండి తెల్లవాఱు వఱకు వెలుగనిచ్చుట నేడు సర్వసాధారణము. వెనుకటి బల్బు బిల్లు భయమున ఆర్పబడుచుండెను. ఈ బల్బునకు కరెంటు స్వల్పము గనుక ఆర్పువారు లేరు. ఆ వెలుగులో మగ పురుగు మినుకును ఆడ పురుగు కనుగొనలేదు. పలకరింపు చెడును, సంతానము తప్పును. పురుగు చావకయే వంశము ముగియును.

మూడవది విషము. గుళికలు, విత్తన శుద్ధి మందులు, పిచికారీ మందులు మడిలోనే యుండిపోవు. నీటి వెంట గట్టు మొదటికిని, కాలువకును చేరును. ఇవిగాక గడ్డి మందు వచ్చినది. మడిలో కలుపునకు వాడునది వేఱు. గట్టు శుభ్రము కొఱకు వాడునది వేఱు. కలుపు తీయు కూలి దొరకని దినములలో మడిలో మందు కొట్టిన రైతును మేము నిందింపము. పంట లేని గట్టుమీద కొట్టుటకు మాత్రము మాకు కారణము కనబడుట లేదు.

ఇచ్చట మా తప్పును మేము ఒప్పుకొనవలెను. ఇంచుమించు పదునైదు సంవత్సరముల క్రిందట బోధను ప్రాంతమున ఒక ప్రదర్శన క్షేత్రమును సిద్ధపఱచుచు, చూడవచ్చు రైతులకు కన్నుల పండువుగా నుండవలెనని నాలుగు ప్రక్కల గట్లకును గడ్డి మందు కొట్టించితిమి. పది పండ్రెండు దినములలో గడ్డి ఎండి గట్టు బోసిగా నిలిచినది. వచ్చినవారు మెచ్చిరి. ప్రక్క మడి గల వృద్ధురాలు మాత్రము గట్టుమీద నిలిచి, “సారూ, గట్టు సాఫ్ జేసిండ్రు, మంచిగున్నది. గని మా బర్రెకు గడ్డి ఏడికెల్లి తేవాలె?” అని అడిగినది. మేము నవ్వి ఊరకుంటిమి. ఆ యేటి ముసురునకు గట్టు రెండు చోట్ల తెగి, మడిలోని నీరును, దానితో వేసిన ఎరువును కాలువ పాలైనవి. గడ్డి వేళ్ళు పట్టియుంచిన మట్టి, వేళ్ళు చచ్చిన పిమ్మట నిలువలేదు. ఆ తరువాతి తొలకరికి చీకటి పడిన పిమ్మట ఆ గట్టు చూచితిమి. కాలువ ఆవలి గట్టున మిణుగురు లుండెను. మేము శుభ్రపఱచిన గట్టున ఒక్కటియు లేదు. ఆ వృద్ధురాలి ప్రశ్నకు మేము నాడు బదులు చెప్పలేదు. నేడు చెప్పుచున్నాము: ఆమెయే సరి, మేము తప్పు.

“మిణుగురులు ఎక్కువైనచో ఎకరమునకు ఒక్క బస్తా వడ్లు పెరుగునా?” అని సంఘ సభ్యుడొకరు మమ్ము సూటిగా ప్రశ్నించెను. పెరుగదు. పెరుగునని చెప్పి రైతును మభ్యపెట్టుట మా వృత్తికి తగదు. కాని మిణుగురు బ్రతుకు గట్టు ఎట్టిదో చూడుడు. దానిమీద బఱ్ఱెకు కోయదగిన గడ్డి ఉండును. మందు కొట్టిన గడ్డిని పశువునకు వేయలేము. దాని మట్టిని వేళ్ళు పట్టి యుంచును; ముసురునకు తెగదు. పంట పురుగులను తిను సాలెపురుగులు, నేల పెంకు పురుగులు అందులోనే తలదాచుకొనును. ఈ లాభములు మిణుగురు ఇచ్చినవి కావు. ఇవి ఉన్నవని మిణుగురు సాక్ష్యమిచ్చును. సాక్షి తానై పంట పండింపడు. సాక్షి లేని చోట మాత్రము వ్యాజ్యము ఓడిపోవుదుము.

ఇంత ఉన్నచో ప్రతి రైతు తన గట్టు తాను చూచుకొనవచ్చును గదా, సంఘమేల అని అడుగవచ్చును. గట్టునకు రెండు ప్రక్కలు, ఇరువురు యజమానులు. ఒకడు గడ్డి నుంచి, మఱియొకడు మందు కొట్టినచో ఉంచినవాని శ్రమ వ్యర్థము. పై మడి నీరు క్రింది మడికి దిగును; పై రైతు వాడిన గుళిక క్రింది రైతు కాలువలో తేలును. గాలికి మంట ఎవరి హద్దును లెక్కింపదు. ఒక్కనివల్ల కానిదానిని పలువురు కూడి చేయుటకే సహకార సంఘ మేర్పడినది. ఋణమునకును, ఎరువునకును మాత్రమే కాదు. ఇంకొక మాటయు దాపరికము లేక చెప్పవలెను. సహకార దుకాణములలో మందులు అమ్ము చోట్ల ఆ అమ్మకముపై లాభము సంఘమునకే వచ్చును. లాభము మన పుస్తకములో జమయగుచుండగా నష్టము మన గట్లమీద ఖర్చు వ్రాయబడుచున్నది. రెండు పద్దులను ఒక చోట చూచు బాధ్యత పాలకవర్గమునకు కలదు.

కావున వచ్చు సర్వసభ్య సమావేశము ముందు మూడు తీర్మానముల నుంచుచున్నాము. మొదటిది, సంఘ పరిధిలోని కాలువ గట్లపైనను, పొలపు గట్లపైనను గడ్డి మందు కొట్టరాదు, నిప్పు పెట్టరాదు. నడక దారిని కొడవలితో కోసి బాగుచేయవలెను. దుకాణమున గడ్డి మందు కొనువారికి ఈ మాట చెప్పి ఇయ్యవలెను. రెండవది, మోటారు వద్ద బల్బునకు వెలుగు నేలకు మాత్రమే పడునట్లు రేకు మూత వేసి, మనిషి లేనప్పుడు ఆర్పవలెను. మూడవది, ఏటేట మృగశిర, ఆరుద్ర కార్తెలలో వారమున కొక రాత్రి, పొద్దు గ్రుంకిన గంటకు, గ్రామమున కొక గట్టు చొప్పున ఎన్నుకొని, పది మీటర్ల మేర పది నిమిషములు మిణుగురులను లెక్కించి సంఘ కార్యాలయమున ఒక పుస్తకములో వ్రాయవలెను. ఏటేట అదే గట్టు, అదే కొలత, అదే సమయము ఉండవలెను. జ్ఞాపకము లెక్క కాదు. పుస్తకములో ఎక్కినదే లెక్క.

పాము భయము మాట మేము మఱువలేదు. చీకటిలో దీపము లేక పొలమునకు పొమ్మని ఎవరికిని చెప్పము. చేత టార్చి, కాళ్ళకు బూట్లు, నడక దారిలో కోసిన గడ్డి తప్పక ఉండవలెను. లెక్కించు పది నిమిషములు మాత్రము ఒక చోట నిలిచి టార్చి ఆర్పిన చాలును. ఇరువురు కలిసి పోవుట మేలు. బడి పిల్లలను పెద్దల వెంట తీసికొని పోవుట మఱియు మేలు. వారి కన్నులు మన కన్నులకంటె చురుకైనవి, వారి లెక్క మన తరువాత కూడ సాగును.

జపాను దేశములో వాగులలో పెరుగు ఒక జాతి మిణుగురులు అమ్మకమునకై పట్టుటచేతను, నీరు చెడుటచేతను పలు చోట్ల క్షీణించెను. అచ్చటి గ్రామస్థులును, పాఠశాలల పిల్లలును వాగులను శుభ్రపఱచి, అవి తిను నీటి నత్తలను పెంచి, కొన్ని తావుల మిణుగురులను మరల రప్పించుకొనిరి. ఒక్క రైతు ఆ పని చేయలేదు. వాగు పొడవున ఉన్నవారందఱును చేసిరి. మన వాగు నిజాంసాగరపు కాలువ. దాని పొడవున ఉన్నవారందఱును సహకార సంఘములలో ఇదివఱకే చేరియున్నారు. క్రొత్తగా సంఘము పెట్టవలసిన పనియు లేదు.

కర్మాగారపు దీపములు వెలిగించుట మన ఒక్కరి చేతిలో లేదు. గట్టుమీది దీపములు మన చేతిలోనే ఉన్నవి. ఎవడును దీపమును కుంచము క్రింద పెట్టడని మాకు చిన్ననాట చెప్పిరి. మనము పెట్టినది కుంచము కాదు, గడ్డి మందు డబ్బా. దానిని తీయుటకు డబ్బు అక్కఱ లేదు, ప్రభుత్వపు ఉత్తర్వు అక్కఱ లేదు. సమావేశమున ఒక తీర్మానమును, తొలకరి రాత్రి పది నిమిషముల ఓపికయు చాలును. వచ్చు మృగశిరనాటికి సంఘ కార్యాలయమున ఆ పుస్తకము తెఱచి, మొదటి పుటలో మొదటి గ్రామపు లెక్క వ్రాయబడుగాక యని కోరుచున్నాము.